మెయిల్ మెర్జ్ ఏ పుస్తకంలో రాయాలి: రైటరా, కాల్కా, బేసా?

నక్కలగుట్ట అన్న:
లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో చేతిపుస్తకాలు రాస్తున్నాం కదా, ఉత్తరాలు టైప్ చేసే రైటర్‌కి ఒకటి, లెక్కల షీట్లు చేసే కాల్క్‌కి ఒకటి, డేటాబేస్ పనులు చేసే బేస్‌కి ఒకటి. ఒకే ఉత్తరాన్ని ఎవరి పేరుతో వాళ్లకి విడివిడిగా తీసే మెయిల్ మెర్జ్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. పేర్లు, అడ్రసులు ఉండేది కాల్క్ షీట్‌లో. ఉత్తరం రైటర్‌లో. రెండింటినీ కలిపే ఓడీబీ ఫైలు బేస్‌ది. ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి బావి లెక్క, అందరిదీ అయింది, పూడిక తీసేవాడు లేడు. నేనైతే మొత్తం రైటర్ పుస్తకంలోనే పెడదామంటాను. ఇంగ్లీషు గైడ్లలోనూ అది రైటర్ గైడ్‌లోనే ఒక అధ్యాయం. ఉత్తరాలు పంపాలనుకునే మనిషికి బేస్ అనేది ఒకటుందని కూడా తెలియదు.

పరకాల టీచర్:
అన్నా, నేను ఒప్పుకోను. మా బడిలో పదో తరగతి తల్లిదండ్రుల మీటింగుకు ఉత్తరాలు తీశాం. 0417 అని కొట్టిన రోల్ నంబరు ఉత్తరంలో 417 అయి వచ్చింది. ఇంకో సారు షీట్ పైవరుసలో బడి పేరు పెద్దక్షరాల్లో పెట్టారు, దాంతో ‘పేరు’, ‘తరగతి’ అనే ఫీల్డులే రాలేదు. మొదటి వరుసలో హెడ్డింగులే ఉండాలని, నంబర్ల కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చాలని మాకెవరూ చెప్పలేదు. రెండు తప్పులూ షీట్‌లోనే జరిగాయి. షీట్ తయారు చేసేవాళ్లు తెరిచేది కాల్క్ పుస్తకం. అక్కడ ఒక్క ముక్క లేకపోతే ఎట్లా?

కాజీపేట కుర్రాడు:
ఇంత గొడవెందుకు? ఒకసారి రాసి మూడింటిలోనూ కనిపించేలా చేద్దాం. మన పుస్తకాలు రైటర్‌లోనే రాస్తున్నాం కదా, ఇన్సర్ట్ మెనూలో సెక్షన్ తీసుకుని లింక్ దగ్గర టిక్ పెడితే వేరే ఫైల్లోని భాగం వచ్చి కూర్చుంటుంది. షార్ట్‌కట్లు కూడా మారుతుంటాయి: ఒకప్పుడు ఎఫ్4 నొక్కితే పేర్ల పట్టిక చూపించే డేటా సోర్సెస్ తెరుచుకునేది, ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్4 మూడూ నొక్కాలి. మూడు చోట్ల విడివిడిగా రాస్తే ఒకచోట దిద్ది రెండు చోట్ల మరిచిపోతాం. రాసిపెట్టుకోండి.

నక్కలగుట్ట అన్న:
తమ్ముడూ, ఫైండ్ అండ్ రీప్లేస్ పాఠానికి అదే చేసి చూశాను. ‘మనం పైన టైప్ చేసిన ఉత్తరంలో’ అనే మాట కాల్క్ పుస్తకంలోకి అట్లనే వచ్చి పడింది. అక్కడ ఉత్తరమే లేదు! పైగా కాల్క్‌లో వెతికేటప్పుడు ఫార్ములాల్లోనా, విలువల్లోనా అని కూడా ఎంచుకోవాలి, ఆ సంగతి రైటర్‌లో లేనే లేదు. పేరొక్కటే, పని కొంచెం వేరు.

డీటీపీ షాపు, హన్మకొండ చౌరస్తా:
నేను రాసేవాణ్ని కాదు, వాడేవాణ్ని. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఒకాయన రాత్రి ఎనిమిదింటికి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. శుభలేఖల కవర్ల మీద అంటించడానికి అడ్రస్ లేబుళ్లు కావాలి. లేబుళ్ల ఫైలుంది, షీట్ ఉంది. ఆయన ఇంట్లో బాగానే వచ్చిందట. నా మిషన్‌లో ఒక్క పేరూ రాలేదు. డేటాబేస్ రిజిస్టర్ అయింది, అంటే ఈ పేరుతో ఈ ఓడీబీ ఫైలుందని లిబ్రేఆఫీస్‌లో నమోదైంది, ఆయన కంప్యూటర్‌లో, నా దాంట్లో కాదు. ఓడీబీ ఫైలు తెచ్చుకున్నా లాభం లేకపోయేది, అందులో ఉండేది షీట్ ఎక్కడుందనే దారే కానీ పేర్లు కావు. చివరికి నా దగ్గరే కొత్తగా అడ్రస్ డేటా సోర్స్ చేసి రిజిస్టర్ చేశాను. అంతలో ఆయన ఒక ఇంటిపేరు తప్పుందని రైటర్‌లో పైన కనిపించే పట్టికలోనే దిద్దబోయాడు, అది దిద్దనివ్వదు. షీట్‌ని కాల్క్‌లో తెరిచే దిద్దాలి.

ఇదంతా మీ లెక్కన బేస్ విషయం. ఆ రాత్రి నేను బేస్ పుస్తకం తెరుస్తానా? లేబుళ్లు రైటర్‌లో ఉన్నాయి, నేను వెతికేదీ అక్కడే. ‘పేర్లు రావడం లేదా?’ అని ఒక హెడ్డింగు పెట్టండి చాలు. ఆప్షన్స్‌లో బేస్ కింద డేటాబేసెస్ చూడమని అక్కడే రాయండి.

పరకాల టీచర్:
షాపు అన్న చెప్పింది నిజమే. అయితే ప్రధాన పాఠం రైటర్‌లో ఉండనీయండి. కాల్క్‌లో మాత్రం ‘రైటర్ పుస్తకం చూడండి’ అని ఒక్క వాక్యంతో పంపించేయొద్దు. హెడ్డింగుల వరుస, టెక్స్ట్ కాలమ్, ఈ రెండూ రెండు పేరాల్లో పూర్తిగా ఉండాలి. పేజీ నంబరు ఇవ్వకండి, కొత్త కూర్పు రాగానే అది తప్పవుతుంది. అధ్యాయం పేరివ్వండి.

కాజీపేట కుర్రాడు:
ఆ రెండు పేరాలు కూడా మళ్లీ రెండోచోట రాసినట్టే కదా మేడం. షార్ట్‌కట్లు, మెనూల పేర్లు అందులో పెట్టకపోతే సరే. అవే మారేవి.

నక్కలగుట్ట అన్న:
ఇది బాగుంది, కాల్క్ పేరాల్లో మెనూ పేరొక్కటీ ఉండదు. మేడం, అవి మీరే రాయండి, 0417 సంగతి అట్లనే పెట్టండి. బేస్ పుస్తకంలో రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో అరపేజీ చాలు. ఆ అరపేజీ ఎవరు రాస్తారో ఇంకా తేలలేదు. కాజీపేట తమ్ముడూ, నీ పేరు రాసేస్తున్నా.