ఎయిర్‌షో ఫోటోలు: 1/4000లో తీసినా జెట్‌లు సాఫ్ట్‌గా, హెలికాప్టర్లు బొమ్మల్లా వస్తున్నాయి

దూరపుచూపు600 (ప్రశ్న):

అందరికీ నమస్తే. బాడీ 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్, లెన్స్ 150-600. ఎయిర్‌షోలో మధ్యాహ్నం పూట తీసిన ఫ్రేములు చూస్తుంటే మూడు తేడాలు కనిపిస్తున్నాయి.

జెట్‌లన్నీ 600 ఎంఎం దగ్గర, 1/4000 సెకను షట్టర్‌లో తీసినవే. అయినా వంద శాతం జూమ్‌లో చూస్తే అంచులు సాఫ్ట్‌గా ఉన్నాయి. ఆకాశం చక్కగా వచ్చింది గానీ విమానం పొట్ట బొగ్గులా ఉంది. ఇక హెలికాప్టర్లు, ప్రొపెల్లర్ విమానాలు దారం కట్టి వేలాడదీసిన బొమ్మల్లా ఉన్నాయి. పైగా కొన్నిట్లో ప్రొపెల్లర్ రెక్కలు అరటిపండులా వంగిపోయాయి!

సెట్టింగ్స్ ఇవి: షట్టర్ ప్రయారిటీ (షట్టర్ వేగం నాది, మిగతాది కెమెరాది), ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరానే మార్చుకుంటుంది), అపర్చర్ ఎఫ్/6.3, ఏఎఫ్-సి (ఆగకుండా ఫోకస్ చేసేది) సింగిల్ పాయింట్, సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్, సెకనుకు 20 ఫ్రేములు. ఇంకా వేగంగా 1/8000కి వెళ్లమంటారా? ట్రైపాడ్ పట్టుకెళ్తే లాభం ఉంటుందా?

రన్‌వేగట్టు:

1/8000 వద్దు. ముందు ఆ సాఫ్ట్‌నెస్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. చిన్న లెక్క వేద్దాం. గంటకు 700 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 194 మీటర్లు. అది మీకు 200 మీటర్ల దూరంలో అడ్డంగా దాటితే, మీరు సెకనుకు దాదాపు 56 డిగ్రీలు తిరగాలి. 600 ఎంఎంలో ఫ్రేము వెడల్పు 3.4 డిగ్రీలే. మీ ప్యానింగ్ (విమానంతో పాటు కెమెరా తిప్పడం) వేగం విమానం వేగంతో పది శాతం తేడా పడిందనుకోండి, 1/1000లో పది పిక్సెళ్ల దాకా సాగుతుంది. అదే 1/4000లో రెండు మూడు పిక్సెళ్లే. కాబట్టి మీ ఫోటోల్లో కదలిక దోషం చాలా తక్కువ. అసలు దొంగ వేరే ఉన్నాడు.

పట్టుకునే పద్ధతి ఇది. ఒకే బర్స్ట్‌లోని (బటన్ నొక్కిపట్టి ఏకబిగిన తీసిన) ఐదారు ఫ్రేములు వరసగా తెరిచి చూడండి. సాఫ్ట్‌నెస్ ఒకే దిశలో సాగి, ఆ దిశకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే చెదిరితే అది ప్యానింగ్ తప్పు. బర్స్ట్ మొత్తం ఒకేలా మసగ్గా ఉన్నా, మొదట బాగుండి పోనుపోను పాడైనా అది ఫోకస్. ఒక ఫ్రేములో ముక్కు, తర్వాతి దాంట్లో తోక బాగుండి, రెక్క అంచులు అలల్లా వంకర్లు పోయి ఉంటే అది వేడిసెగ. మధ్యాహ్నం కాంక్రీటు మీదుగా 600 ఎంఎంతో తీశారు కాబట్టి నా అనుమానం మొదట సెగ మీదే.

సెగకు సెట్టింగ్ లేదు. కాంతి దారిలోని గాలే ఉడుకుతుంటే షట్టర్ ఏం చేస్తుంది? వెయ్యి పెట్టినా, ఎనిమిది వేలు పెట్టినా ఆ వంకర అలాగే గడ్డకడుతుంది, అంతే. నేలమీద పరుగు తీస్తున్న విమానాన్ని దూరం నుంచి తీయకండి. అది లేచి, వెనక ఆకాశం వచ్చి, మీకు దగ్గరైనప్పుడు నొక్కండి. టాక్సీయింగ్ షాట్లు పొద్దున్నే ముగించుకోండి. మరీ దూరంగా ఉన్నదాన్ని తర్వాత క్రాప్ చేద్దాంలే అనుకోవద్దు, ఎంత దూరమైతే అంత సెగ. ఏసీ కారులోంచి తీసిన లెన్స్‌ను కూడా బయటి వేడికి అలవాటు పడేదాకా కాసేపు వదిలేయండి. లేకపోతే ముందు గ్లాసు చెమర్చవచ్చు, హుడ్ లోపలి గాలే చిత్రాన్ని చెదరగొట్టవచ్చు.

రెండో అనుమానం సింగిల్ పాయింట్. ఆ చిన్న చుక్క విమానం మీంచి జారి ఉత్త నీలం మీద పడితే, అక్కడ పట్టుకోవడానికి కాంట్రాస్ట్ ఉండదు. లెన్స్ ఆ చివరి నుంచి ఈ చివరికి వెతుక్కుంటుంది. జోన్ గానీ వైడ్ ఏరియా గానీ వాడండి. మీ బాడీలో విమానాలను గుర్తుపట్టే మోడ్ ఉంటే ఆన్ చేయండి. ట్రాకింగ్ సెన్సిటివిటీ కొంచెం తగ్గిస్తే పొగ అడ్డొచ్చినా వెంటనే దాని మీదికి గెంతదు. లెన్స్ పక్కన ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే మీట) ఉంటే దూరం వైపు పెట్టండి. విమానం ఇంకా చీమంత ఉన్నప్పుడే ఫోకస్ మొదలుపెడితే దాని వేగాన్ని అంచనా వేయడానికి కెమెరాకు సమయం చిక్కుతుంది. ఎదురుగా వచ్చాక నొక్కితే ఆలస్యమే.

ట్రైపాడ్ ఇంట్లోనే ఉండనివ్వండి. నెత్తి మీదికి వచ్చినప్పుడు అది అడ్డం తప్ప సాయం కాదు. బరువు మోయలేకపోతే మోనోపాడ్, అదీ రన్‌వే ఎత్తులో ఉన్నవాటికి.

పంకాశబ్దం:

ప్రొపెల్లర్ల సంగతి నేను చెప్తాను. బొమ్మల్లా ఉండటానికి కారణం ఆ 1/4000నే. రెక్కలు గడ్డకట్టేశాయి, కంటికి ఇంజిన్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఒక వేగం బట్టీ పట్టే బదులు, షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో ప్రొపెల్లర్ ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో చూడండి. ఎక్స్‌ట్రా 300 లాంటి ఏరోబాటిక్ విమానం నిమిషానికి 2700 చుట్లు తిప్పుతుందనుకుందాం, అంటే సెకనుకు 45. 1/4000లో నాలుగు డిగ్రీలే, రాయిలా ఉంటుంది. 1/320లో యాభై, బాగానే కనిపిస్తుంది. 1/160లో వంద. మూడు రెక్కలుంటే పూర్తి చక్రానికి 120 డిగ్రీలు చాలు కాబట్టి 1/125 దగ్గర పళ్లెం నిండిపోతుంది.

చాలామంది పొరబడేది స్పిట్‌ఫైర్, మస్టాంగ్ లాంటి పాత యుద్ధవిమానాల దగ్గర. వాటి ఇంజిన్‌కూ ప్రొపెల్లర్‌కూ మధ్య గేర్లుంటాయి. ఇంజిన్ తిరిగే వేగంలో సగం కన్నా కాస్త తక్కువే ప్రొపెల్లర్‌కు అందుతుంది. ఇంజిన్ 2400 అంటే ప్రొపెల్లర్ 1150 దరిదాపుల్లో. చిన్న విమానానికి చక్కగా పనిచేసిన 1/320 ఇక్కడ 22 డిగ్రీలు కూడా దాటించదు. 1/160 లేదా 1/125కి దిగాల్సిందే. హెలికాప్టర్ ఇంకా నెమ్మది. షినూక్ రోటర్ నిమిషానికి 225 చుట్లే, 1/60లో 22 డిగ్రీలు. కానీ గాలిలో నిలబడి ఉన్న హెలికాప్టర్‌కు మీరు ప్యాన్ చేయాల్సిన పని లేదు కాబట్టి 1/60 అనుకున్నంత కష్టం కాదు. తోక రోటర్ ఉన్న హెలికాప్టర్లలో అది ఇంకా వేగం, తనంతట తానే సాగుతుంది.

మొదటి పాస్‌కు (విమానం మీ ముందు నుంచి ఒకసారి దాటడం) 1/320లో నాలుగు ఫ్రేములు భద్రం చేసుకోండి. తర్వాత 1/250, 1/160 అంటూ దిగండి. 1/160లో 500 ఎంఎం పట్టుకుని పది ఫ్రేముల్లో ఒకటి పదునుగా వస్తే సంతోషించాల్సిందే. ఇక్కడ మాత్రం పొడవాటి బర్స్ట్ తప్పు కాదు.

వంగిన రెక్కలకు కారణం సైలెంట్ షట్టర్. మామూలు సెన్సర్ పైనుంచి కిందికి వరస వరసగా చదువుకుంటూ వస్తుంది. దానికి 1/30 సెకను పట్టిందనుకుంటే, ఆలోగా సెకనుకు 45 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ ఒకటిన్నర చుట్టు తిరిగేస్తుంది. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా ఆ చదివే సమయం తగ్గదు. మెకానికల్ షట్టర్‌కు మార్చండి. స్టాక్డ్ సెన్సర్ బాడీలు చాలా త్వరగా చదువుతాయి గనక వాటిలో ఈ వంకర అంతగా కనిపించదు.

ఇంకొకటి, వేగం తగ్గించగానే వెలుగు ఎక్కువైపోతుంది. ఎండలో ఐఎస్ఓ 100, 1/160 అంటే ఎఫ్/13 దాకా మూయాలి. అప్పుడు సెన్సర్ మీదున్న ప్రతి దుమ్ము మచ్చా ఆకాశంలో ప్రత్యక్షం. రెండు స్టాపుల (వెలుగును నాలుగో వంతుకు తగ్గించే) ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఎఫ్/6.3, ఎఫ్/7.1 దగ్గర హాయిగా ఉండొచ్చు. చవకరకం యూవీ ఫిల్టర్ గనక ముందు ఉంటే అది ఊడదీయండి, 600 దగ్గర పదును తినేవాటిలో అదొకటి.

పొట్టవెలుగు:

నల్ల పొట్ట గురించి. ఫ్రేములో తొంభై శాతం ఆకాశమే కదా, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దాన్ని మధ్యస్థ బూడిద రంగు చేయాలని చూస్తుంది. దాన్ని సరిచేయడానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ తెల్లటి మబ్బు కమ్మితే ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7, ముదురు నీలమైతే సున్నా నుంచి ప్లస్ 0.7. నా ఓటు మాత్రం పూర్తి మాన్యువల్‌కే. నిండు ఎండలో 1/1600, ఎఫ్/8, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, మొదటి విమానం దాటగానే హిస్టోగ్రామ్ (ఫోటోలోని వెలుగునీడల గ్రాఫ్) చూసి సరిచేసుకోండి. వెనక నీలం వచ్చినా, మబ్బు వచ్చినా విమానం మీద పడే ఎండ మారదు కదా. తెల్ల రంగు విమానమైతే మూడింట రెండు స్టాపులు తగ్గించండి.

రన్‌వేగట్టు:

మాన్యువల్ నిలకడైన ఎండకు సరే. సూర్యుడి ముందు మబ్బులు వచ్చిపోతుంటే ప్రతి రెండు నిమిషాలకూ రెండు స్టాపులు మారుతుంది. అలాంటప్పుడు మాన్యువల్ షట్టర్, అపర్చర్ ఉంచి, ఆటో ఐఎస్ఓకు ప్లస్ 1 ఇస్తే కనీసం ఏ పాసూ పూర్తిగా పోదు. మిగతాది రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) చూసుకోవచ్చు.

పొట్టవెలుగు:

ఒప్పుకుంటా, విడి మబ్బుల రోజు అదే మేలు. కానీ సూర్యుడు విమానం వెనక ఉంటే ఏ మోడూ కాపాడదు. నీడను ఎంత లాగినా నాయిజే బయటికొస్తుంది. అప్పుడు పొట్ట కోసం తంటాలు పడకుండా, విమానం వాలి వీపు మీవైపు తిప్పే మలుపు కోసం ఆగండి. ఎండ పడేది వీపు మీదే. గాలిలో తేమ ఉన్న రోజు గట్టి మలుపుల్లో రెక్కల పైన తెల్లటి ఆవిరి తేలేది కూడా అక్కడే. మంటతో దూసుకెళ్లే ఆఫ్టర్‌బర్నర్ షాట్లు సాయంత్రం మసక వెలుగుకు దాచుకోండి, మట్ట మధ్యాహ్నం ఆ మంట కనిపించదు.

దూరపుచూపు600:

బర్స్ట్‌లు తెరిచి చూశాను. గట్టు గారు చెప్పినట్టే రన్‌వే మీద తీసినవన్నీ అలలు పోతున్నాయి. ఎత్తున ఉన్నవి కొన్ని పూర్తిగా ఫోకస్ తప్పినవి. ఇంకో ప్రశ్న: రెండు జెట్‌లు ఎదురెదురుగా వచ్చి దాటుకునే క్షణం ఒక్కసారి కూడా దొరకలేదు. 20 ఫ్రేములు చాలవా? అలాగే స్టెబిలైజేషన్ ఏ మోడ్‌లో ఉంచాలి?

రన్‌వేగట్టు:

చాలవు. చెరో 194 మీటర్లంటే ఒకదానికొకటి సెకనుకు 389 మీటర్లు దగ్గరవుతాయి. 20 ఫ్రేముల వేగంలో ఒక ఫ్రేముకూ తర్వాతి దానికీ మధ్య 19 మీటర్లు. విమానం పొడవే పన్నెండు, పదిహేను మీటర్లు కాబట్టి సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉన్న ఫ్రేము అదృష్టాన్నిబట్టి ఒకటి, లేకపోతే అదీ లేదు. 300 ఎంఎంకు వెనక్కి జూమ్ చేసి, ఒక్కదాన్నే ఫోకస్‌లో పట్టుకుని, రెండో కన్ను మూయకుండా ఎదుటిదాన్ని చూస్తూ, దాటడానికి అర సెకను ముందే బర్స్ట్ మొదలుపెట్టండి. అప్పటికి బఫర్ (కార్డులోకి వెళ్లేముందు ఫ్రేములు ఆగే కెమెరా మెమరీ) ఖాళీగా ఉండాలి. ముందు పాస్‌లో అరవై ఫ్రేములు కొట్టేసి కార్డు రాసుకుంటుంటే కీలక సమయంలో కెమెరా నత్తనడక నడుస్తుంది.

మీ 1/4000కి నిజంగా పని ఉన్నది ఇక్కడే. ఒకదానితో పాటు ప్యాన్ చేస్తే రెండోది మీ ఫ్రేములో రెట్టింపు వేగంతో వెనక్కి పోతుంది. అదే 200 మీటర్ల లెక్కలో, 300 ఎంఎం దగ్గర 1/2000లో అది దాదాపు యాభై పిక్సెళ్లు సాగుతుంది. రెండూ చూడదగ్గట్టు ఉండాలంటే దాటే చోటు ముందే ఊహించి, ప్యానింగ్ ఆపి, 1/4000 పైన తీయాలి. అప్పుడు ఒక్కోటి పన్నెండు పిక్సెళ్లు. 1/8000లో ఆరు. దూరం 400 మీటర్లైతే ఇవన్నీ సగం.

స్టెబిలైజేషన్ ప్యానింగ్ మోడ్‌లో పెట్టండి, చాలా లెన్స్‌ల మీద అది మోడ్ 2. మామూలు మోడ్ మీరు తిప్పడాన్నే కుదుపు అనుకుని వెనక్కి లాగవచ్చు. 1/2000 పైన ఆపేసినా నష్టం లేదు, 1/160లో మాత్రం తప్పనిసరి.

పంకాశబ్దం:

నిలబడే తీరు కూడా చూసుకోండి. ఎక్కడ ఫోటో కావాలో ఆ దిక్కుకు పాదాలు పెట్టి, నడుము మాత్రం విమానం వచ్చే వైపు తిప్పండి. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. విమానం వస్తుంటే నడుము విప్పుకుంటూ వచ్చి, ఒళ్లు తిన్నగా అయ్యే చోట నొక్కి, వేలు తీశాక కూడా కాసేపు అలాగే తిరగండి. పాదాలు విమానం వచ్చే వైపుకు పెడితే సరిగ్గా నొక్కాల్సిన చోట ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆఖరి ఫ్రేములు కిందికి కుంగేది అందుకే.