రోజుకు రెండుసార్లు స్నానం నిజంగా అవసరమా? బట్టలు ఎన్నిసార్లు తొడిగాక ఉతకాలి?

చలువచొక్కా:

మా రూమ్‌లో చాలా రోజులుగా నడుస్తున్న గొడవ ఇది, ఎవరో ఒకరు తేల్చండి.

నేను పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి స్నానం చేస్తాను. రెండుసార్లూ బాగా వేడి నీళ్ళే, ఒళ్ళంతా సబ్బు రాసి పీచుతో రుద్దాల్సిందే, లేకపోతే స్నానం చేసినట్టే అనిపించదు. ఒకసారి తొడిగిన బట్ట ఉతక్కుండా మళ్ళీ వేసుకోను, జీన్స్ అయినా అంతే. మా రూమ్మేట్ దీనికి పూర్తిగా రివర్స్. రోజు విడిచి రోజు స్నానం, మధ్యలో ముఖం, చంకలు, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోతాడు. బనియన్లు, లోదుస్తులు మాత్రం రోజూ మారుస్తాడు, అది ఒప్పుకోవాలి. చొక్కా రెండు రోజులు, జీన్స్ ఎప్పుడు ఉతికాడో వాడికే గుర్తుండదు.

నాకు మండేది ఎక్కడంటే, వాడి దగ్గర కంపు రాదు! నాకేమో పిక్కల మీద, మోచేతుల మీద తెల్లగా పొట్టు లేస్తోంది, రాత్రయితే దురద. ఇంకోటి, నా జిమ్ టీషర్టులు ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటాయి, తొడుక్కుని కాస్త ఒళ్ళు వేడెక్కగానే పాత చెమట కంపు మళ్ళీ లేస్తుంది. తువ్వాలుకి కూడా ఒక రకం ముక్క వాసన. సబ్బుపొడి ఎక్కువ వేసినా అంతే. ఇంత ఉతికి, ఇంత రుద్దుకుని నాకే ఎందుకు ఈ బాధ? మీరంతా ఎన్ని రోజులకి ఏం చేస్తారో కూడా చెప్పండి.

గీతలకాగితం:

నీ పిక్కల దురదకు కారణం నువ్వే రాసేశావు బ్రో, వేడి నీళ్ళు, పీచు, ఒళ్ళంతా సబ్బు, అదీ రోజుకు రెండుసార్లు. చర్మం పైపొరలో కొవ్వు పదార్థాలు ఉంటాయి, లోపలి తడి బయటికి పోకుండా ఆపేవి అవే. సబ్బు మురికితో పాటు వాటినీ పట్టుకుపోతుంది. నీళ్ళు ఎంత వేడైతే అంత ఎక్కువ పోతాయి. పైగా చర్మం పీహెచ్ దాదాపు 5, అంటే కొంచెం ఆమ్లగుణం. మామూలు సబ్బు 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షారగుణం. ఒకసారికి చర్మం తట్టుకుని సర్దుకుంటుంది, అది సర్దుకునేలోపే నువ్వు మళ్ళీ రుద్దేస్తున్నావు.

రెండుసార్లు నీళ్ళు పోసుకోవడం తప్పని ఎవరూ అనరు, ఎండాకాలంలో ఇంకోసారి పోసుకున్నా నష్టం లేదు. సబ్బు ఎక్కడ రాస్తున్నావనేదే లెక్క. చంకలు, గజ్జలు, పిరుదుల మధ్య, పాదాలు, వీటికి రోజూ సబ్బు కావాలి. చేతులు, పిక్కలు, వీపు వీటికి మట్టో జిడ్డో అంటిన రోజు తప్ప ఉత్త నీళ్ళు చాలు. చెమటలో సహజంగా వాసన పెద్దగా ఉండదు, ఉప్పునీళ్ళే. చంకల్లో, గజ్జల్లో వేరే రకం గ్రంథులు ఉంటాయి, వాటి చెమటలో కొవ్వులు, ప్రొటీన్లు ఉంటాయి, అక్కడుండే బ్యాక్టీరియా వాటిని విరగ్గొడితే కంపు పుడుతుంది. ఆ గ్రంథులు పని మొదలుపెట్టేది యుక్తవయసులో, అందుకే చిన్నపిల్లలు రోజంతా ఆడి చెమట కారుతున్నా పెద్దవాళ్ళలా కంపు కొట్టరు. మీవాడు స్నానం లేని రోజు కూడా చంకలు, కాళ్ళు కడుక్కుని లోదుస్తులు మారుస్తున్నాడు, అంటే వాసన పుట్టే చోట్లన్నీ దాదాపు చూసుకుంటున్నట్టే. గజ్జలు కూడా కడుక్కోమని చెప్పు, ఇక వాడిని ఏమీ అనడానికి ఉండదు.

నీళ్ళు గోరువెచ్చగా పెట్టుకో, పీచు పక్కన పడెయ్, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, లేదా పగిలి ఎర్రబడితే స్కిన్ డాక్టర్‌కి చూపించుకో, అన్ని దురదలూ పొడి చర్మం వల్లే రావు.

తెల్లారేలేస్తా:

సబ్బు రాయకుండా నీళ్ళు పోసుకోవడం కూడా ఒక స్నానమేనా? ఇలాంటి సలహాలు విని ఊరుకుంటే బస్సులో పక్కన నిలబడే మాలాంటి వాళ్ళ గతేంటి. ఎవరి కంపు వాళ్ళకి తెలియదు, అదే అసలు సమస్య. నా మటుకు రోజూ రెండుసార్లు స్నానం, ఏ బట్టయినా ఒక్కరోజే, చర్చ లేదు.

గీతలకాగితం:

@తెల్లారేలేస్తా ఎవరి కంపు వాళ్ళకి తెలియదన్నది నిజం, ముక్కు ఏ వాసనకైనా కాసేపట్లో అలవాటు పడిపోతుంది. కానీ బస్సులో మనల్ని చంపే కంపు పిక్కల నుంచి రాదు కదండీ, చంక నుంచి, రెండో రోజు తొడిగిన పాలిస్టర్ చొక్కా నుంచి వస్తుంది. నేను సబ్బు మానేయమనలేదు, కంపు లేని చోట రుద్దడం మానమన్నాను. మీ చర్మం తట్టుకుంటుంటే మీరు మానాల్సిన పని కూడా లేదు.

మడతపెట్టేవాడు:

స్నానం సంగతి వాళ్ళు చూసుకుంటున్నారు కాబట్టి నేను బట్టల సంగతికొస్తా. నేను చాలా ఏళ్ళు ఒక హోటల్ లాండ్రీలో పనిచేశాను, దుప్పట్లు, తువ్వాళ్ళు కుప్పలు కుప్పలుగా చూసినవాడిని.

ముందు నీ జిమ్ టీషర్ట్. చేత్తో పట్టుకుని లేబుల్ చూడు, పాలిస్టర్ అయి ఉంటుంది. నూలు బట్ట నీళ్ళని పీల్చుకుంటుంది, పాలిస్టర్ నీళ్ళని పీల్చదు గానీ నూనెని వదలదు. చెమటతో వచ్చే జిడ్డు దాని పోగులకి అంటుకుని కూర్చుంటుంది. బెల్జియంలో గెంట్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు, కొంతమందితో వ్యాయామం చేయించి వాళ్ళ టీషర్టుల్ని తర్వాత వాసన చూపిస్తే పాలిస్టర్‌వే ఎక్కువ కంపు కొట్టాయి, మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా వాటి మీద బాగా పెరిగింది. అంటే బీరువాలో ఉన్నప్పుడు వాసన లేకపోయినా లోపల జిడ్డు అలాగే ఉంది, నీ ఒంటి వేడికి, కొత్త చెమటకి మళ్ళీ లేస్తోంది.

దీనికి మందు సబ్బుపొడి ఎక్కువ వేయడం కాదు. ఎక్కువ వేస్తే జాడింపులో పూర్తిగా పోదు, ఆ మిగిలిన పొర మీద మళ్ళీ మురికి పట్టుకుంటుంది. జిమ్ నుంచి వచ్చాక తడి టీషర్ట్‌ని సంచిలో కుక్కి మర్నాటి దాకా వదిలేస్తున్నావా? చాలామంది చేసేది అదే. వెంటనే ఉతకడం కుదరకపోతే కనీసం నీళ్ళలో జాడించి ఆరేయి. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పు, ఎంజైములున్న డిటర్జెంట్ వాడి గోరువెచ్చటి నీళ్ళలో ఓ అరగంట నానబెట్టి ఉతుకు. సాఫ్ట్‌నర్ మాత్రం ఈ బట్టలకి వేయకు, అది పోగుల మీద ఇంకో పూత వేస్తుంది. తువ్వాళ్ళకీ వద్దు, మెత్తగా అవుతాయి గానీ తడి పీల్చడం తగ్గుతుంది.

తువ్వాలు ముక్క వాసన వేరే కథ. జపాన్ పరిశోధకులు 2012లో దీని వెనకున్న బ్యాక్టీరియాని పట్టుకున్నారు, మోరక్సెల్లా ఓస్లోయెన్సిస్ అని పేరు. అది ఎండిపోవడాన్ని కూడా బాగానే తట్టుకుంటుంది, అందుకే ఆరిన తువ్వాలు తడవగానే మళ్ళీ కంపు. దీనికి వేడి నీళ్ళ ఉతుకు కావాలి, నూలు తువ్వాలైతే 60 డిగ్రీలు పెట్టొచ్చు. తర్వాత తొందరగా ఆరాలి. మేం లాండ్రీలో అన్నిటికంటే ఎక్కువ భయపడింది మురికికి కాదు, తడిబట్ట కుప్పగా ఉండిపోవడానికి. మిషన్ ఆగాక బట్టలు రాత్రంతా డ్రమ్ములోనే వదిలేస్తే ఉతికిన పనంతా పోయినట్టే. తువ్వాలుని తలుపు వెనక కొక్కానికి ముద్దగా తగిలిస్తారు చూడు, అలా కాకుండా పూర్తిగా విప్పి కమ్మీ మీద వేయాలి. ముందు తలుపు మిషన్ అయితే ఆ రబ్బరు మడతలు తుడిచి, తలుపు తెరిచి ఉంచు, అప్పుడప్పుడూ బట్టలు లేకుండా వేడి నీళ్ళతో ఒకసారి తిప్పు.

ఇక ఎన్నిసార్లకి అంటే నా లెక్క ఇది. చర్మానికి అంటుకుని, చెమట పీల్చేవన్నీ ఒక్కసారికే, అంటే లోదుస్తులు, సాక్సులు, బనియన్లు, జిమ్ బట్టలు. లోపల బనియన్ ఉండి చెమట పట్టకపోతే పై చొక్కా రెండోరోజు వేసుకోవచ్చు, చంక దగ్గర ముక్కు పెట్టి చూసుకుని. తువ్వాలు మూడు నాలుగు వాడకాలకి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి, మరీ కుదరకపోతే రెండు వారాలకి. ఇది ఊరికే చాదస్తం కాదు, దుమ్ముపురుగులకి మన చర్మపు పొట్టే తిండి, అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్ళకి దీంతో తేడా తెలుస్తుంది, ఆ పురుగులు చావాలంటే 60 డిగ్రీల నీళ్ళు కావాలి.

జీన్స్ విషయంలో మీ రూమ్మేటే రైటు, నువ్వు ప్రతిసారీ ఉతకడం దండగ. లీవైస్ కంపెనీ నడిపిన చిప్ బర్గ్ తన జీన్స్ ఏడాదిగా ఉతకలేదని 2014లో అందరి ముందూ చెప్పాడు. సరే, ఆయన జీన్స్ అమ్మేవాడు, పక్కన పెడదాం. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ విద్యార్థి ఒకడు 15 నెలలు ఒకే జీన్స్ ఉతక్కుండా వేసుకుంటే, పరీక్షించి, తర్వాత అదే జీన్స్ ఉతికించి 13 రోజులు వేయించి మళ్ళీ చూశారు. బ్యాక్టీరియా లెక్క రెండుసార్లూ దాదాపు ఒకేలా ఉంది. ఒక్క మనిషి మీద చేసిన సరదా ప్రయోగమే అనుకో. నేనైతే 15 నెలలు వినడానికే ఒప్పుకోను, మరక పడ్డా, వాసన వచ్చినా, మోకాళ్ళ దగ్గర సాగి వేలాడినా ఉతికేస్తా. రోజూ ఉతికితే మాత్రం రంగు పోయి తొందరగా పీలికలవుతుంది.

చలువచొక్కా:

సంచిలో కుక్కడం సంగతి ఎలా పట్టేశావన్నా! సరే, రాత్రి టీషర్టులు నానబెట్టా. జీన్స్ విషయం మాత్రం వాడికి చెప్పను, నెత్తికెక్కి కూర్చుంటాడు.

ఒక డౌట్ మిగిలింది. చంకలకి యాంటీబ్యాక్టీరియల్ సబ్బు వాడితే తేడా ఉంటుందా? ఇంకా, కొంతమందికి ఎంత చెమట పట్టినా పుట్టుకతోనే కంపు రాదంటారు, నిజమేనా?

రాత్రిడ్యూటీ:

నర్సుని, మధ్యలో దూరుతున్నా. రెండోదానికి ముందు చెప్తా, నిజమే. ఏబీసీసీ11 అని ఒక జన్యువు ఉంది, అందులో ఒక రకం మార్పు అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ళకి చంక కంపు చాలా తక్కువ. తూర్పు ఆసియాలో ఇలాంటివాళ్ళే ఎక్కువ. గమ్మత్తు ఏంటంటే చెవి గులిమిని కూడా అదే జన్యువు నిర్ణయిస్తుంది, వాళ్ళకి గులిమి జిగటగా కాకుండా పొడిగా, పొట్టులా ఉంటుంది. మీ రూమ్మేట్‌ది ఎలా ఉంటుందో అడిగి చూడండి, తిట్టకపోతే.

యాంటీబ్యాక్టీరియల్ సబ్బు ఇంట్లో రోజూ వాడడానికి అక్కర్లేదు, మామూలు సబ్బుతో నురగ పెట్టి శుభ్రంగా కడిగితే చాలు. అంతకీ కంపు తగ్గకపోతే యాంటీపెర్స్‌పిరెంట్ వాడండి, డియోడరెంట్ కాదు. డియోడరెంట్ వాసనని కప్పుతుంది, యాంటీపెర్స్‌పిరెంట్ చెమటనే తగ్గిస్తుంది. దాన్ని పొద్దున స్ప్రే కొట్టి పరిగెత్తడం కంటే రాత్రి పడుకునే ముందు పొడి చంకలకి రాస్తే బాగా పనిచేస్తుంది.

ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి, ఆరబెట్టుకోవడం. స్నానం చేసి గజ్జలు, కాలివేళ్ళ సందులు తుడుచుకోకుండా తడి మీదే బట్టలు వేసేసుకుంటారు. తామర అక్కడే మొదలవుతుంది. అది ఫంగస్, తడి, వేడి, బిగుతు బట్ట ఉంటే దానికి పండగ. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకి రాదనుకోకండి, సరిగ్గా తుడుచుకోకపోతే వస్తుంది. వచ్చిందంటే తువ్వాలు ఎవరితోనూ పంచుకోకండి, ఇంట్లోవాళ్ళతో కూడా. లోదుస్తులు వేడి నీళ్ళలో ఉతికి, లోపలివైపు తిప్పి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం రాయకండి, దురద తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల అది పాకుతూనే ఉంటుంది.

పిల్లలున్నవాళ్ళు చదువుతుంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి వారానికి కనీసం ఒకటి రెండుసార్లు స్నానం చాలంటుంది, మట్టిలో ఆడినా, చెమట పట్టినా, ఈత కొట్టి వచ్చినా వెంటనే చేయించాలి. యుక్తవయసు మొదలయ్యాక రోజూ.

తెల్లారేలేస్తా:

వారానికి ఒకటి రెండుసార్లా! మా ఇంట్లో చదివి వినిపిస్తే నన్ను బయటికి పంపేస్తారు.

తామర పాయింట్ మాత్రం బాగుంది మేడమ్. నేను స్నానం చేశాక అదే తడి తువ్వాలు చుట్టుకుని అరగంట తిరుగుతా, అది కూడా లెక్కలోకి వస్తుందా?

రాత్రిడ్యూటీ:

వస్తుందండీ. తుడుచుకోగానే తీసేసి పొడి బట్ట కట్టుకోండి.