సోషల్ టీచర్‌ను, 47 ఏళ్లు, చూసింది మూడు దేశాలే. అన్ని దేశాలూ తిరగడం అయ్యే పనేనా?

పోస్ట్‌మ్యాన్ బిడ్డ (హన్మకొండ):

నమస్తే అందరికీ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా బాపు మెట్‌పల్లి దగ్గర ఊళ్లో పోస్ట్‌మ్యాన్. ఎనభైల్లో మా దిక్కు చాలా ఇళ్ల నుంచి గల్ఫ్ పోయేవాళ్లు కాబట్టి, ఆయన సంచిలో అంచులకు ఎరుపు నీలం గీతలున్న కవర్లు రోజూ ఉండేవి. చదువు రాని ఇళ్లలో ఉత్తరం చదివి పెట్టేది కూడా బాపే. ఆ ఇంటివాళ్లను అడిగి స్టాంపు చింపి తెచ్చి, గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, ఊడొచ్చాక పాత పేపర్ మీద ఆరబెట్టి నా లాంగ్ నోట్‌బుక్‌లో అతికించేవాడు. కింద దేశం పేరు మాత్రం నేనే రాయాలి. మొదటి పేజీలో మొదటిది ఒమన్ స్టాంపు, సుల్తాన్ బొమ్మ ఉన్నది. పేరు రాసిన ప్రతి దేశాన్నీ చూడాలని అప్పుడే అనుకున్నా, ఆ కోరిక ఇంతవరకూ పోలేదు.

చూసింది నేపాల్, శ్రీలంక, థాయిలాండ్. ఇప్పుడు కూతురికి ఉద్యోగం వచ్చింది, ఇంటి లోన్ తీరింది, మా ఆయన కూడా నువ్వు పో, ఇల్లు నేను చూసుకుంటా అంటున్నాడు. పోయిన ఏడాది ఒక ఏజెంట్‌ను నమ్మి యూరప్ వీసాకు పెట్టుకుంటే రిజెక్ట్ అయింది. హోటళ్లు ఎక్కువ రోజులు ఇటలీలో చూపించి అప్లికేషనేమో ఫ్రాన్స్‌కు పెట్టాడు, పైగా వారం ముందు నా అకౌంట్లో నాలుగు లక్షలు ఒకేసారి వేయించాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మన పాస్‌పోర్ట్, టీచర్ జీతం, వేసవి సెలవులు, వీటితో ఇది అయ్యేదేనా? లెక్క 193 పెట్టుకోవాలా, 195 పెట్టుకోవాలా? ముందు ఎక్కడికి పోవాలి?

కోరుట్ల టు మస్కట్:

అక్కా, మీ బాపు పంచిన ఉత్తరాల్లో మా నాయన రాసినవి కూడా ఉన్నాయేమో, ఆయన 1983లో ఇక్కడికే వచ్చాడు. నేను మస్కట్‌లో ఏసీ మెకానిక్‌ను, 11 ఏళ్లయింది. మొదటి ఎనిమిదేళ్లు రూము, సైటు, రెండేళ్లకోసారి ఊరు, అంతే. గల్ఫ్‌లో రెసిడెంట్ కార్డు ఉన్నవాళ్లకు జార్జియా వెళ్లడానికి వీసా అక్కర్లేదని తోటివాడు చెబితే ఈద్ సెలవుల్లో నలుగురం పోయాం. టిబిలిసిలో ఒక సందులో రొట్టెల బట్టీ ఉంది, పెద్ద కాగులాగా. ఒక ముసలాయన సగం లోపలికి వంగి పిండిని దాని గోడకు కొట్టి, కాలాక ఇనుప కొక్కెంతో పీకి మా చేతుల్లో పెట్టాడు. పడవలాగా ఉంది రొట్టె. చేతులు కాలుతున్నా అక్కడే నిలబడి తిన్నాం. ఏ దేశం మీది, ఇంట్లో ఎవరెవరున్నారు అని సైగలతో అడిగాడు. ఎనిమిదేళ్లలో పని గురించి తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదు అక్కా, ఏడుపొచ్చింది. గల్ఫ్‌లో ఉండి ఇది చదివే తమ్ముళ్లు కార్డు చేతిలో ఉన్నప్పుడే ఒకసారి వెళ్లి రండి. ఇంటికొచ్చాక ఆ సౌకర్యం ఉండదు.

మీరు మాత్రం ఆగొద్దు.

రిటైర్డ్ నర్సు, సుబేదారి:

టీచర్ గారూ, నావి 44 అయ్యాయి, అన్నీ యాభై దాటాకే. లెక్క 195 పెట్టుకోండి, అంటే ఐక్యరాజ్య సమితి సభ్యులు 193, పరిశీలక హోదా ఉన్న వాటికన్, పాలస్తీనా రెండు. తైవాన్, కొసోవో అందులో రావు, అలాగని వాటిని వదిలేయనక్కర్లేదు.

మీ వీసా ఎందుకు పోయిందో మీరే రాశారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అప్లికేషన్ పెట్టాలి, అది షెంజెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) రూలు. ఒకేసారి వచ్చిపడ్డ డబ్బు చూస్తే ఎవరికైనా అనుమానమే, ఆరు నెలల జీతం మామూలుగా పడి ఖర్చయిన స్టేట్‌మెంట్ దానికన్నా వంద రెట్లు నయం. ఈసారి మీరే నింపండి, రిజెక్ట్ అయిన సంగతి దాచకండి. ఫీజు 90 యూరోలు, ఎక్కువే, కానీ ఆ ఒక్క వీసాతో 29 దేశాలు. మొనాకో, శాన్ మారినో, వాటికన్‌లకు కూడా అక్కడినుంచే పోవచ్చు కాబట్టి 32, మీ లెక్కలో ఆరో వంతు! డబుల్ ఎంట్రీ (రెండుసార్లే లోపలికి పోవచ్చు), మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లైనా పోవచ్చు) తేడా మాత్రం చూసుకోండి.

పాస్‌పోర్ట్ రెన్యూవల్‌లో 60 పేజీలది అడగండి, 36 పేజీలది 1500, ఇది 2000. నేను ఆ 500 దగ్గర ఆలోచించి తర్వాత బాధపడ్డా. ప్రభుత్వ ఉద్యోగులం, డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి, ఆ ఫైలు ఎండాకాలం కోసం సంక్రాంతికే మొదలుపెట్టండి.

ఆఫ్రికాకు ముందు హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు. ఒకసారి వేయించుకుంటే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా, ఉగాండా లాంటి చోట్లనుంచి వస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. నర్సుగా చెప్తున్నా, ఇది కాగితం కోసం కాదు, ఆ జ్వరం ప్రాణాలు తీస్తుంది.

పసిఫిక్ దీవుల గురించి భయం వద్దు. ఫిజీకి, వనువాటుకు మనకు వీసా అక్కర్లేదు. కష్టమల్లా విమానాలతోనే, టువాలు, కిరిబాతీలకు ఫిజీ నుంచి వారంలో కొన్ని రోజులే ఉంటాయి.

కేయూ క్యాంపస్:

మేడమ్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నాకు ఈ లెక్క నచ్చడం లేదు. 195 కోసం పరిగెత్తితే ఒక్కో దేశంలో రెండు రోజులు, ఎయిర్‌పోర్ట్‌లో స్టాంపు, ఫోటో, అంతే కదా? రామప్ప చూడటానికి వచ్చినవాళ్లు అరగంటలో మళ్లీ బస్సెక్కుతుంటే నాకు కడుపు మండుతుంది, మదనికల శిల్పాలు నిలబడి చూడాలంటేనే పూట పడుతుంది. కొచ్చిలో టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు రోజుకు 300 పక్కన పెట్టి, లోన్ తీసుకుని, తీర్చి, మళ్లీ తీసుకుని పాతికకు పైగా దేశాలు చూశారు. 2021లో విజయన్ గారు పోయారు. అన్నీ చూడలేదు, అయినా ఆయనకు ఏం తక్కువైందని?

రిటైర్డ్ నర్సు, సుబేదారి:

బాబూ, నీ మాటలో నిజం ఉంది. కానీ ఆ లెక్క లేకపోతే నేను మడగాస్కర్‌కు ఎప్పటికీ పోయేదాన్ని కాదు, దుబాయ్, సింగపూర్ తిరిగి ఊరుకునేదాన్ని. బెంగళూరు సంగీతకారుడు బెన్నీ ప్రసాద్ 2010 నాటికే దేశాలు, వేరే దేశాల కింద ఉన్న భూభాగాలు కలిపి 245 చుట్టి వచ్చాడు, మన పాస్‌పోర్ట్‌తోనే. నేను మాత్రం ఒక్కో చోట వారానికి తగ్గను.

పోస్ట్‌మ్యాన్ బిడ్డ (హన్మకొండ):

అందరికీ దండాలు. క్యాంపస్ తమ్ముడూ, నువ్వన్నది రాత్రంతా ఆలోచించా. సెలవులకు రెండు దేశాలే పెట్టుకుంటా. 195 కాకపోవచ్చు, నోట్‌బుక్‌లో ఉన్న 31 మాత్రం చూసే తీరతా. వరంగల్ పోస్టాఫీసులో పాస్‌పోర్ట్ స్లాట్ దొరికింది, 60 పేజీలదే పెట్టా. మొదట ఒమన్, మొదటి పేజీ కాబట్టి. ఈ-వీసా నేనే నింపుతా.

బాపుకు ఇంకా చెప్పలేదు. చూపు తగ్గింది గానీ ఇప్పటికీ కవరు చేతికిస్తే స్టాంపునే ముందు తడుముతాడు. మస్కట్ నుంచి మెట్‌పల్లి అడ్రసుకు ఉత్తరం వేయాలని ఉంది. కోరుట్ల తమ్ముడూ, అక్కడ పోస్టాఫీసులో అడిగితే అతికించే స్టాంపు ఇస్తారా, లేక మిషన్‌తో ముద్ర కొట్టి పంపేస్తారా, ఒకసారి కనుక్కుని చెప్పవా?