వాలు చెలకకు రివర్సిబుల్ నాగలి: హైడ్రాలిక్కా, చేతి లివరా?

పట్నం రైతు
వికారాబాద్ దారిలో ఆరెకరాల ఎర్ర చెలక. పై గట్టు నుంచి కింది వాగు దాకా ఒకటే వాలు, అక్కడక్కడ తలకాయంత రాళ్ళు. 45 హెచ్‌పీ ట్రాక్టర్, టూ వీల్ డ్రైవ్, వెనక టైర్లు 13.6-28. ఇప్పటిదాకా కల్టివేటర్‌తోనే నెట్టుకొచ్చాం. ఈసారి రెండు రెక్కల రివర్సిబుల్ ప్లౌ (పల్టీ కొట్టించి మట్టిని కుడికైనా ఎడమకైనా వేసే నాగలి) కొందామనుకుంటున్నాను. హైడ్రాలిక్‌తో, అంటే ఆయిల్ ఒత్తిడితో పల్టీ కొట్టేది తీసుకోవాలా, చేత్తో లివర్ లాగేది చాలా? ధరలో తేడా బాగానే ఉంది. నేనుండేది కూకట్‌పల్లిలో, పొలం పని చూసేది డ్రైవరే.

నాలుగు చాళ్ళు
హైడ్రాలిక్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. మామూలు రెక్క నాగలి మట్టిని ఎప్పుడూ కుడివైపుకే వేస్తుంది. వాలుకు అడ్డంగా వెళ్ళేటప్పుడు పైకి వేస్తే, వచ్చేటప్పుడు కిందికి వేస్తుంది. పైగా చేను నడిమధ్య ఒక కట్ట, ఒక కాలువ మిగిలిపోతాయి. వాలు మీద ఆ కాలువే వాన నీళ్ళకు దారి. రివర్సిబుల్‌తో ప్రతి మలుపులో పల్టీ కొట్టి అన్ని చాళ్ళ మట్టినీ పై గట్టు వైపే వేయొచ్చు. ఆరెకరాల్లో ఆ పల్టీలు వందల్లో ఉంటాయి. అన్నిసార్లు వెనక్కి తిరిగి లివర్ లాగితే సాయంత్రానికి మనిషి నడుం పట్టేస్తుంది. వాలులో ఇంకో చిక్కు: కింది వైపుకు పల్టీ తేలిగ్గా పడుతుంది, పై వైపుకు బరువంతా చేతి మీద పడుతుంది. కొక్కెం పూర్తిగా పడకపోతే, దున్నుతుండగానే నాగలి ఊగిపోతుంది.

రాజేంద్రనగర్ రెంచి
హైడ్రాలిక్ అనేముందు ట్రాక్టర్‌కు బయటి వాల్వు ఉందో లేదో అడగరా? నాగలిని తిప్పేది డబుల్ యాక్టింగ్ (రెండు వైపులా నెట్టే) సిలిండర్, దానికి రెండు గొట్టాలు, వాటికి డబుల్ యాక్టింగ్ వాల్వు కావాలి. ట్రాలీ ఎత్తడానికి ఇచ్చే ఒక్క గొట్టం పాయింటుతో ఇది పని చేయదు. వాల్వు లేకపోతే విడిగా బిగించాలి, ఆ ఖర్చు నాగలి ధరలో రాదు. ఒక డీలర్ ఈ మాట చెప్పకుండానే నాగలి అంటగట్టాడు, సీజనంతా షెడ్డులో పడుంది.

వాల్వు ఉన్నా ఇవి గుర్తుంచుకోండి. నాగలిని పూర్తిగా ఎత్తాకే పల్టీ. కర్రు మొన నేలలో ఉండగా తిప్పితే షాఫ్టు మెలిపడుతుంది. లివర్‌ను అవతలికి పడేదాకా పట్టుకునే ఉండాలి. మధ్యలో వదిలితే నాగలి నిటారుగా ఆగిపోతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడితే పల్టీని ఆపే స్టాప్ స్క్రూలు వంగుతాయి. చాలా ట్రాక్టర్లలో ఈ ఆయిల్ గేరుబాక్సు నుంచే వస్తుంది. ట్రాక్టర్ పక్కకు వాలినప్పుడు ఆయిల్ తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది, పల్టీ సగంలో ఆగుతుంది. వాలు నేలలో డిప్‌స్టిక్ పై గీత దాకా ఆయిల్ ఉండాల్సిందే.

నాలుగు చాళ్ళు
ఇవన్నీ సర్దుకునేవే గదా. వాల్వు పెట్టించుకోలేని వాళ్ళు నాగలి ఎందుకు కొంటారు?

రాజేంద్రనగర్ రెంచి
సర్దుకునేవి కాబట్టే ముందే చెప్పాలంటున్నాను. గొట్టం తగిలించే కప్లర్‌లో దుమ్ము చేరి పిన్ను ఇరుక్కుంటే పొలంలో సర్దేది మీరు కాదు.

మేడ్చల్ మక్క
45 హెచ్‌పీ సరిపోదు, 55 తీసుకోండి.

నాలుగు చాళ్ళు
లెక్క కట్టి మాట్లాడండి. రెండు రెక్కలు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు, లోతు 20 అంటే 1,200 చదరపు సెంటీమీటర్లు. పదునున్న చెలకలో చదరపు సెంటీమీటరుకు అర కిలో వేసుకున్నా లాగే బలం 600 కిలోలు. గంటకు 4 కిలోమీటర్ల వేగంలో అది 9 హెచ్‌పీ. బెట్టగా ఉంటే 14 దాకా పోతుంది. టైరు జారుడుకు, మిగతా నష్టాలకు ఇంజను బలంలో సగం పోయినా 28 చాలు. ఇక్కడ కొరత హెచ్‌పీ కాదు, ముందు చక్రాల మీద బరువు. రివర్సిబుల్ అంటే రెండు జతల రెక్కలు, మామూలు నాగలికి దాదాపు రెట్టింపు బరువు. ఎత్తగానే ముక్కు తేలుతుంది, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. నాగలి ఎత్తి ఉంచి ధర్మకాంటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయండి. ట్రాక్టర్ మొత్తం బరువులో ఐదో వంతు కన్నా తక్కువ చూపిస్తే ముందు వెయిట్లు పెంచాల్సిందే. వాలు ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే ఉంచుకోండి.

రాజేంద్రనగర్ రెంచి
తూకం మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ 30 సెంటీమీటర్ల రెక్క ఒప్పుకోను. 13.6 అంగుళాల టైరు వెడల్పే దగ్గర దగ్గర 35 సెంటీమీటర్లు. అది 30 చాలులో నడిస్తే పక్కనే తిరగబడిన పెళ్ళను తొక్కి అణిచేస్తుంది. 14 అంగుళాల రెక్క తీసుకోండి.

నాలుగు చాళ్ళు
14 అంగుళాలంటే లాగే బలం ఆరో వంతు పెరుగుతుంది, రాళ్ళ నేలలో దెబ్బ కూడా పెరుగుతుంది. 12 చాలు.

రాజేంద్రనగర్ రెంచి
ఇప్పుడే కదా హెచ్‌పీ కొరత లేదన్నారు?

చెలక మట్టి
రెక్క 12 అయినా 14 అయినా, ముందు మట్టి ఎంత లోతుందో చూశారా? మన ఎర్ర చెలకల్లో చాలాచోట్ల జానెడు మట్టి కిందే మొరం. 25 సెంటీమీటర్లు తిరగేస్తే మొరం పైకొస్తుంది, మంచి మట్టి అడుక్కి పోతుంది. ఆ ఏడు మొలకే సరిగా రాదు. పైన, నడుమ, కింద రెండేసి చోట్ల గడ్డపారతో గుంట తీసి, రంగు మారే చోట టేపు పెట్టి చూడండి. మట్టి 20 సెంటీమీటర్లు కూడా లేనిచోట రెక్క నాగలి పెట్టనే వద్దు. గట్టి పొర ఉంటే చీజెల్ నాగలితో చీల్చండి, తిరగేయకండి. ఏటేటా కూడా వద్దు, మూడేళ్ళకోసారి చాలు.

గుట్ట డ్రైవర్
ఇంతసేపు అందరు పల్టీ గురించి మాట్లాడిన్రు గని, వాలు ఎంతున్నదో ఒక్కలు అడగలే. ఎనిమిది శాతమా, ఇరవయ్యా? గుట్ట వాలుల అడ్డం దున్నుడు అంటే ట్రాక్టర్ పక్కకు ఒరిగే నడుస్తది. కింది చక్రం ఒక గుంతల దిగి, పై చక్రం ఒక రాయి ఎక్కితే అయిపాయె. నిలువుగనే దున్నాలె. ఎక్కేటప్పుడు ఖాళీగ ఎక్కాలె, దిగేటప్పుడు దున్నాలె. గట్ల దున్నితే ఈ రివర్సిబుల్ అక్కరనే లేదు, పైసలు మిగుల్తయి.

నాలుగు చాళ్ళు
నిలువుగా దున్నితే ప్రతి చాలూ ఒక పిల్లకాలువ. జూన్‌లో రెండు గట్టి వానలు పడితే విత్తనంతో సహా మట్టి వాగులో ఉంటుంది. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ గండిపేట జలాశయానికే వస్తుంది. మూసీ వైపు వాలున్న చెలకల్లో కొట్టుకుపోయే మట్టి చేరేది అక్కడికే. వాలు నేలలో నిలువు దుక్కి చెప్పేవాళ్ళకు నేల మీద ప్రేమ లేదు.

గుట్ట డ్రైవర్
నేల మీద ప్రేమ లేదా? మీరు కుర్చీల కూసోని లెక్కలు కడతరు, సీటు మీద కూసునేది మేం. ట్రాక్టర్ బోర్ల పడితే మట్టి పోయిందని ఎవ్వరు ఏడ్వరు. ఆయన కూకట్‌పల్లిల ఉంటడు, దున్నేది డ్రైవర్ అని మొదటి మాటల్నే చెప్పిండు. ఆ డ్రైవర్ గురించి ఒక్క మాట రాసిన్రా ఎవరన్న?

మేడ్చల్ మక్క
అన్న చెప్పింది నిజం.

చెలక మట్టి
ఇద్దరూ కాస్త నిదానించండి. అసలు తగువు పల్టీ గురించి కాదు, అడ్డంగానా నిలువుగానా అని. అది తేలితే నాగలి సంగతి దానంతటదే తేలుతుంది.

రాజేంద్రనగర్ రెంచి
తేల్చడానికి ఒక సంగతి చూడాలి. ట్రాక్టర్ ఒక వైపు చక్రాలు వెనకటి చాలులో నడుస్తాయి. మట్టిని పైకి వేస్తూ దున్నితే పని పై గట్టు దగ్గర మొదలై కిందికి జరుగుతుంది. అప్పుడు వెనకటి చాలు పైవైపు ఉంటుంది, అంటే చాలులో దిగేది పై చక్రాలు. చక్రాల మధ్య దూరం 135 సెంటీమీటర్లు, చాలు లోతు 20 అనుకుంటే అది 15 శాతం వంపు. చేను వాలు 8 శాతమైతే ట్రాక్టర్ గుట్ట వైపే 7 శాతం ఒరుగుతుంది. అదే మట్టిని కిందికి వేస్తే దిగేది కింది చక్రాలు. 8కి 15 కలిసి 23 శాతం లోయ వైపు ఒరుగుతుంది. అన్నా, మీరు భయపడే ఒరుగుడు ఈ రెండోది. మామూలు నాగలితో అడ్డంగా దున్నితే రెండు చాళ్ళలో ఒకటి ఇట్లాగే ఉంటుంది. రివర్సిబుల్‌తో అది ఉండదు.

గుట్ట డ్రైవర్
ఈ లెక్క ఖరే. మామూలు నాగలితోని అడ్డం దున్నినప్పుడు ఒక దిక్కు పోతుంటే పానం గుబగుబ అంటది, ఇంకో దిక్కు అనదు. గని మొదటి చాలుకు వెనక చాలు ఉండదు గదా? చక్రాలు రెండు నేల మీదనే ఉంటయి. మలుపుల నాగలి ఎత్తి పల్టీ కొడుతుంటే బరువు అటు నుంచి ఇటు ఊగుతది. ఇంకోటి, 15 శాతం వాలుల పైకి వేసిన పెళ్ళ నిలుస్తదా? సగం మళ్ళ చాలులనే పడ్తది.

నాలుగు చాళ్ళు
పెళ్ళ సంగతి నిజమే. 10 శాతం దాటాక పైకి వేసిన పెళ్ళ పూర్తిగా తిరగబడదు, వేగం పెంచినా నిలవదు. అంత వాలు ఉన్నచోట నాగలి ఏదన్నది కాదు, ముందు అంచెలు కట్టాలి. మొదటి చాలు 10 సెంటీమీటర్లకు మించకుండా, పై గట్టుకు కనీసం రెండు మీటర్లు వదిలి తీయాలి. మలుపు దగ్గర ట్రాక్టర్ తిప్పి, ఆగాక పల్టీ కొట్టాలి. కదులుతూ కొట్టొద్దు. ప్రేమ లేదన్న మాట నేను అనాల్సింది కాదన్నా, వెనక్కి తీసుకుంటున్నాను.

చెలక మట్టి
వాలు కొలవడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం చాలు. 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు నిలువుగా పట్టుకుని నీటి మట్టం చూడండి. తేడా 1.6 మీటర్లుంటే వాలు 8 శాతం. అదే గొట్టంతో సమమట్టం గీత కూడా పట్టండి, ప్రతి 10 మీటర్లకూ ఒక ముగ్గు చుక్క. మొదటి చాలు ఆ చుక్కల వెంటే పోవాలి. కంటి అంచనాతో పోతే గీత ఒకచోట కుంగుతుంది, నీళ్ళన్నీ అక్కడే చేరి గట్టు తెంపుతాయి. హయత్‌నగర్, గునుగల్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) క్షేత్రాలు రెండూ ఎర్ర నేలలే, వీలుంటే అక్కడి గట్లు చూసి రండి.

రాజేంద్రనగర్ రెంచి
సెట్టింగులో చాలామంది చేసే తప్పు: మామూలు నాగలికి చేసినట్టే ఒక లిఫ్ట్ రాడ్ (నాగలిని ఎత్తే కడ్డీ) పొట్టి చేస్తారు. రివర్సిబుల్‌కు రెండు రాడ్లూ సమానంగా ఉండాలి. ఒరుగుడు సరిచేసేది రెండు వైపులా ఉన్న స్టాప్ స్క్రూలతో. టైర్లలో గాలి కూడా రెండింటికీ ఒకటే. దున్నేటప్పుడు చెక్ చైన్లు (నాగలి పక్కలకు ఊగకుండా ఆపే గొలుసులు) కాస్త వదులు, రోడ్డు మీద బిగువు. ఒకవైపు లోతుగా, ఇంకోవైపు పైపైన పోతోందంటే కారణం ఈ నాలుగింట్లోనే ఉంటుంది.

రాళ్ళకు షియర్ బోల్టు (రాయి తగిలితే తానే తెగి నాగలిని కాపాడేది) ఉన్న రకమే తీసుకోండి. అది తెగితే కంపెనీ చెప్పిన గ్రేడే వేయాలి, మామూలుగా 8.8. తరచూ తెగుతోందని గట్టి బోల్టు వేస్తే ఈసారి వంగేది ఫ్రేము. రాణిగంజ్‌లో డజను కొని టూల్ డబ్బాలో పడేయండి. కర్రు మొన అరిగితే ముందుకు జరుపుకునే బార్ పాయింట్ రకం ఈ నేలకు బాగా నప్పుతుంది.

పట్నం రైతు
నిన్న గొట్టంతో కొలిచాం. పై నాలుగెకరాలు 6 నుంచి 8 శాతం, వాగు పక్క రెండెకరాలు 14. గుంటలు తీస్తే పైన మట్టి 28 నుంచి 35 సెంటీమీటర్లు, వాగు పక్క ఒకచోట 17కే మొరం తగిలింది. ట్రాక్టర్‌కు డబుల్ యాక్టింగ్ వాల్వు లేదు, రోల్ బార్ (బోర్లా పడితే డ్రైవర్‌ను కాపాడే ఇనుప చట్రం) లేదు.

నాలుగు చాళ్ళు
పై నాలుగెకరాలకు హైడ్రాలిక్ రివర్సిబుల్, లోతు 20, పదునులో. రెక్క 14 అంగుళాలే తీసుకోండి, టైరు విషయంలో రెంచి గారి మాట సరైనదే. కింది రెండెకరాలు దున్నొద్దు. గడ్డి వేయండి, లేదా సమమట్టం గీతల మీద సీతాఫలం పెట్టండి.

గుట్ట డ్రైవర్
వాల్వు కన్న ముందు రోల్ బార్ బిగియ్యిండ్రి సార్, సీటు బెల్టుతోని. రోల్ బార్ ఉండి బెల్టు లేకుంటే బోర్ల పడ్డప్పుడు మనిషి ఎగిరి దాని కిందనే పడ్తడు. మొదటి చాలు తీసే దినం మీరు సుత చేన్ల ఉండుండ్రి. ముగ్గు చుక్కల ముంగట నడుసుకుంట రాళ్ళు ఏరెయ్యనీకె ఒక మనిషి కావాలె.

పట్నం రైతు
వస్తాను అన్నా. రోల్ బార్ బిగించాకే నాగలికి అడ్వాన్సు ఇస్తాను.