అప్‌డేట్: కొత్త పీసీలో 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్' పోయింది

ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నా, ఆన్ చేయగానే 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి' అని ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. ఫ్యాన్ తిరుగుతోందని మదర్‌బోర్డుకి తెలిసేది ఫ్యాన్ కనెక్టర్ మూడో పిన్ను మీద వచ్చే పల్సుల (సిగ్నళ్ల) వల్లే, ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే రెండు. స్ప్లిటర్‌లో, అంటే ఒక కనెక్షన్‌ని రెండుగా చీల్చే కేబుల్‌లో, ఆ పిన్ను తీగ ఒక కొమ్మకే ఉంటుంది. బిగించిన షాపువాళ్లు ఫ్యాన్‌ని ఆ తీగ లేని రెండో కొమ్మకి తగిలించారు! స్ప్లిటర్ తీసేసి నేరుగా బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి (ఫ్యాన్ తగిలించే పిన్నులకి) పెడితే స్పీడ్ కనిపించింది.

అయినా తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఎర్రర్ మళ్లీ వచ్చేది. బయోస్ (పీసీ ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) మానిటర్ పేజీలో ఫ్యాన్ స్పీడ్ లోయర్ లిమిట్ 600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉంది, అంతకన్నా తగ్గితే ఎర్రరే; ఐడిల్‌లో, అంటే పీసీకి పని లేనప్పుడు, ఫ్యాన్ 550కి దిగుతోంది. లిమిట్ 300 చేశాను, అంతే.

ఆ లిమిట్‌ని 'ఇగ్నోర్' (ఫ్యాన్ స్పీడ్ పట్టించుకోవద్దు) అని పెట్టేయమన్నారు కొందరు. వద్దండీ. మన బెజవాడ ఎండల్లో ఫ్యాన్ నిజంగానే ఆగితే చెప్పే దిక్కుండదు.