మేడ మీది తొట్టి దానంతటదే నడవాలంటే ఏం చేయాలి?

పెరంబూరు మేడ:
నమస్కారం. చెన్నై పెరంబూరులో మా మేడ మీద 250 లీటర్లు పట్టే సిమెంటు తొట్టి ఉంది. అడుగున చెరువు మట్టి పరిచి, దాని మీద ఇసుక వేశాను. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, నీటిపై తేలే అంతరతామర మొక్కలు కొన్ని ఉన్నాయి. గప్పీ చేపలు ముప్పై దాకా ఉంటాయి, పిల్లలు వేరు. పంపు గానీ ఫిల్టరు గానీ లేవు, పెట్టాలని కూడా లేదు. మొక్కలు, చేపలు, నత్తలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతకాలని నా కోరిక.

తగ్గిన నీటిని బోరు నీటితో నింపుతున్నాను. మీటరులో ఆ నీటి టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1,100 చూపిస్తోంది. ఎండలు ముదిరినప్పటి నుంచి తొట్టి నీరు చిక్కటి ఆకుపచ్చగా మారింది. తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎండ వచ్చాక మామూలుగా తిరుగుతున్నాయి. చేపలు కొన్న దుకాణంలో నీళ్లన్నీ మార్చేయమన్నారు. అలా చేస్తే మళ్లీ మొదటికి వస్తుందేమోనని ఆగాను. పెద్దలు చెప్పగలరు.

అణ్ణానగర్ గొరామీ:
చిన్న గాలి పంపు ఒకటి రాత్రి పూట నడిపితే సరిపోతుంది. అది వద్దనుకుంటే గప్పీల బదులు గొరామీలు వేసుకోండి. అవి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు, ఇలాంటి నీటికి తట్టుకుంటాయి.

విల్లివాక్కం తొట్లు:
పెరంబూరు గారూ, నీళ్లన్నీ మార్చకండి. మలినాన్ని శుద్ధి చేసే బాక్టీరియా ఎక్కువగా ఉండేది మట్టిలో, వేళ్ల మీద, గోడలకు పట్టిన జిగురులో. కాబట్టి నీళ్లు మార్చినా అది పోదు. కానీ లవణాలు ఒక్కసారిగా మారితే చేపలు తట్టుకోలేవు. మట్టిలో సారం అలాగే ఉంటుంది, ఎండ అలాగే కాస్తుంది, పచ్చదనం తిరిగి వచ్చేస్తుంది.

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీరు రాసిన వేళలను బట్టే కారణం తెలుస్తోంది. నీటిని పచ్చగా చేసిన సూక్ష్మ నాచు పగలు ప్రాణవాయువునిస్తుంది, రాత్రంతా తానే దాన్ని వాడుకుంటుంది. సూర్యోదయానికి ముందు అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. దీనికి తోడు మన ఎండ. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే కరుగుతుంది.

తెల్లవారుజాము మీకు కనిపిస్తోంది. నాకు మధ్యాహ్నం గురించే ఎక్కువ దిగులు. మండుటెండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది, దాంతో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటే అవకాశం ఉంది. చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. పీహెచ్ 7 దగ్గర ఆ మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. 9 దగ్గర, మన ఊరి వేడికి, అది మూడో వంతు దాటిపోతుంది. ఉదయం వేసిన అదే మేత, మధ్యాహ్నానికి ప్రమాదమవుతుంది. అందుకే పీహెచ్‌ను ఉదయం ఒకసారి, మూడు గంటలప్పుడు ఒకసారి చూడండి.

ముందు సగం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టండి. అంతరతామర నీటి ఉపరితలంలో సగం దాకా పరుచుకోనివ్వండి. మొత్తం కప్పేస్తే గాలి తగలదు, కింది మొక్కలకు వెలుతురూ అందదు. నీరు తేటపడే దాకా గాలి పంపు నడపమన్న మాట మంచిదే, తరువాత తీసేయవచ్చు. గొరామీల సలహాతో మాత్రం నేను ఏకీభవించను. గాలి పీల్చే చేప బతుకుతుంది సరే, నీరు చెడిందన్న సంగతి మనకు చెప్పేవాళ్లు ఉండరు.

ఇక అసలు సంగతి. మేత వేస్తున్నంత కాలం ఏ తొట్టీ దానంతటదే నడవదు. లోపలికి వేసిన దానికి సరిపడా బయటికి తీయాలి. పది గ్రాముల మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉంటే, అందులో నత్రజని 0.64 గ్రాములు. కొంత చేపల ఒంటికి పడుతుంది, మిగిలింది నీటికే. అంత నత్రజనిని అంతరతామర తనలో దాచుకోవాలంటే సుమారు అరకిలో పచ్చి మొక్క పెరగాలి. పెరిగిన మొక్కను మీరు తీసి పారేసినప్పుడే ఆ నత్రజని తొట్టి దాటినట్టు. అక్కడే వదిలితే ఆకు కుళ్లి తిరిగి నీటిలో కలుస్తుంది. నత్తలు కుళ్లిన ఆకు తిని శుభ్రం చేస్తాయని అందరూ అనుకుంటారు. అవి దాన్ని చిన్న ముక్కలు చేస్తాయి, అంతే. వారానికోసారి గుప్పెడు మొక్కలు తీయడం, మేత సగానికి తగ్గించడం, ఈ రెండూ ఏ ఫిల్టరుకూ తీసిపోవు. దోమపిల్లలు దొరికే తొట్టిలో గప్పీలు ఆకలితో చావవు.

బోరు నీరు ఇంకో చిక్కు. ఆవిరై పోయేది నీరే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. 1,100 టీడీఎస్‌తో నింపిన మీ తొట్టిలో 250 లీటర్లు ఆవిరై, మళ్లీ అదే నీటితో భర్తీ చేస్తే, లెక్క ప్రకారం 2,200 అవుతుంది. నీరు పైకి తేటగానే ఉంటుంది, ఉప్పులు పెరిగిన సంగతి కంటికి తెలియదు. భర్తీకి తక్కువ లవణాల నీరు కావాలి. మెట్రో నీరు (నగర కుళాయి నీరు) వాడవచ్చు గానీ అది ఏడాది పొడవునా ఒకటే కాదు. పుళల్ చెరువు నీరు వేరు, మీంజూరులో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి పంపేది వేరు, కండలేరు నుంచి కృష్ణా నీరు చేరే నెలల్లో అది ఇంకో రకం. పట్టిన ప్రతిసారీ మీటరు ముంచండి. క్లోరిన్ పోవడానికి వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచండి, తొందరైతే క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు వేయండి.

పెరంబూరు మేడ:
చాలా కృతజ్ఞతలండీ. నిన్న చూస్తే పీహెచ్ ఉదయం 7.6, మూడింటికి 9.1. నెట్ కట్టించాను, మేత తగ్గించాను. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలయ్యాక బోరు నీరు పూర్తిగా మానేసి వాన నీరే వాడవచ్చా? తీసిన అంతరతామరను ఎక్కడ వేయాలి?

విల్లివాక్కం తొట్లు:
వాన నీరు మంచిదే, అది ఒక్కటే అయితే మాత్రం ప్రమాదం. అందులో క్షారత దాదాపు ఉండదు కాబట్టి పీహెచ్‌ను నిలబెట్టేది ఏదీ ఉండదు, కుళ్లే ఆకుల వల్ల అది జారిపోతుంది. మీ తొట్టిలో ఇప్పటికే ఉన్న బోరు నీరు కొన్ని నెలలు కాపాడుతుంది. ఆ తరువాత పది బిందెల వాన నీటికి ఒకటి రెండు బోరు నీరు కలపండి. కడిగిన ఆల్చిప్పలు కొన్ని అడుగున వేసినా మేలే. మేడను కడిగే మొదటి వానను మాత్రం పట్టకండి.

అంతరతామర పూల కుండీలకు మంచి ఎరువు, ఎండబెట్టి మట్టిలో కలపండి. కాలువలో, చెరువులో వేయవద్దు. గుర్రపు డెక్కతోనే మన నీళ్లు సతమతమవుతున్నాయి. గప్పీలను కూడా బయటి నీళ్లలో వదలకండి. అన్నట్టు, నవంబరులో ఒక్క రాత్రి వానకే తొట్టి పొర్లుతుంది. అంచుకు రెండు అంగుళాల కింద గొట్టం పెట్టించి, దాని నోటికి సన్నని వల కట్టండి. ఆ పని వానలకు ముందే చేయించండి.