35 ఎం.ఎం. ప్రింటులో జాయింట్లు నిలవడం లేదు: సిమెంటా, టేపా?

ప్రశ్న
నమస్కారమండి. మా ఫిల్మ్ క్లబ్బులో రెండు 35 ఎం.ఎం. ప్రింట్లున్నాయి. ఒకటి 1970ల నాటిది, రెండోది 2000 తర్వాతది. పాతదానికి ఫిల్మ్ సిమెంటుతో వేసిన జాయింట్లు గట్టిగానే ఉన్నాయి. కొత్తదానికి అదే సీసా, అదే స్ప్లైసర్ (ఫిల్మును కోసి అతికించే పరికరం) వాడినా, ఆరాక కాస్త వంచితే ఊడొస్తున్నాయి. పైగా ఒక జాయింట్ దాటగానే తెర మీద బొమ్మ జారి, పైన కాళ్లు, కింద తలలు కనిపిస్తున్నాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు 1
ఊడిపోవడంలో మీ చేతి తప్పేమీ లేదు. మీ పాత ప్రింటు అసిటేట్ అనే ప్లాస్టిక్కుది, కొత్తది పాలియెస్టరుది అయి ఉంటుంది. ఫిల్మ్ సిమెంటు మామూలు జిగురు కాదు. అసిటేటును పైపైన కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. పాలియెస్టర్ దానికి కరగదు, కాబట్టి ఎన్నిసార్లు వేసినా అంతే.

తేల్చుకోవడం తేలిక. రీలును పక్కవాటుగా దీపానికి ఎదురుగా పట్టండి. చుట్ల అంచుల్లోంచి వెలుగు వస్తే పాలియెస్టర్, చీకటిగా ఉంటే అసిటేట్. పాత రీలు పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడితే మాత్రం అది చెడిపోతోందన్నమాట, దాన్ని వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టండి.

అసిటేటుకు సిమెంటు వేసేటప్పుడు ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) పూర్తిగా గీకాలి. ఇసుమంత మిగిలినా అక్కడ అంటుకోదు. అలాగని లోతుగా గీకితే బేస్ (కింది ప్లాస్టిక్ పట్టీ) పలచబడి జాయింట్ పక్కనే తెగుతుంది. సీసాలో సిమెంటు చిక్కబడితే ఇక వాడొద్దు.

జవాబు 2
పాలియెస్టరుకు టేప్ జాయింటే వేయండి. రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, అంచుకు అంచు ఆనాలి. టేపు రెండు వైపులా వేయాలి. ఒకవైపే వేస్తే గేటులో (ప్రొజెక్టరులో బొమ్మ మీద వెలుగు పడే చోట) వంగి బొమ్మ అదురుతుంది.

బొమ్మ జారడానికి కారణం లెక్క తప్పడం. 35 ఎం.ఎం.లో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, 4 పర్ఫరేషన్లు (అంచు రంధ్రాలు). రెండు కొసల్నీ ఫ్రేమ్‌లైను (రెండు బొమ్మల మధ్య గీత) మీదే, అంటే రెండు పర్ఫరేషన్ల నడుమ, కోయాలి. ఒకటి రెండు పర్ఫరేషన్లు అటూఇటూ అయితే అక్కణ్ణుంచి రీలంతా జారే ఉంటుంది. ఆ జాయింట్ విప్పి, లూపులో (చిన్న భూతద్దంలో) చూస్తూ మళ్లీ కోయండి. స్కోప్ (వెడల్పు తెర) ప్రింటయితే ఫ్రేమ్‌లైను సన్నగా ఉంటుంది, మరింత జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు
రీలు పక్కనుంచి చూశాను, వెలుగొస్తోంది. పాలియెస్టరే. ఇంకొక్కటి: పాడైన 6 ఫ్రేములు తీసేస్తే మాట, బొమ్మ తేడా వస్తాయా?

జవాబు 3
శాశ్వతంగా రాదండి. శబ్దం అదే ఫిల్ము పక్కన అచ్చయి ఉంది కనుక అదీ 6 ఫ్రేములే పోతుంది. అయితే ప్రొజెక్టరులో సౌండ్ హెడ్ (శబ్దాన్ని చదివే భాగం) గేటుకు సుమారు 20 ఫ్రేముల దిగువన ఉంటుంది. అందుకే ముందు బొమ్మ గెంతుతుంది, ముప్పావు సెకను పైచిలుకు తర్వాత శబ్దం తెగుతుంది. ఆ మధ్యలో పెదవులు కలవవు, తర్వాత సర్దుకుంటుంది. జాయింట్ దగ్గర 'టప్'మంటే, సౌండ్ ట్రాక్ మీద మాత్రమే నల్ల ఇంకుతో చిన్న త్రికోణం దిద్దండి. శబ్దం ఒక్కసారిగా తెగకుండా మెల్లగా తగ్గి పెరుగుతుంది. శబ్దానికి విడిగా మాగ్నెటిక్ ట్రాక్ ఉన్న రీలయితే ఆ ట్రాక్ నుంచి కూడా సరిగ్గా 6 ఫ్రేములే తీయాలి.